ఆరు చాపల గదిలో జారుడుబల్ల

తామా కాలనీ, తోక్యో
12 అక్టోబరు 1967

సదాయె అక్కకి,

ఇక్కడ పగలు ఎండ, సాయంత్రం అయితే చలి. మీ క్యోతో కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయో లేదో నువ్వే రాయాలి. నాలుగో అంతస్తులో నా కిటికీలోంచి కనిపించేది ఎదుటి భవనం, దాని బాల్కనీల్లో ఎండేసిన పరుపులు, అంతే.

బావగారు చేసి పంపిన జారుడుబల్ల నిన్న చేరింది. "చేరింది" అన్న మాట దానికి చాలా చిన్నది. రైల్వే పార్సిలు మనుషులిద్దరు మోసుకొచ్చారు. మూడో అంతస్తు దాకా తిట్టుకుంటూ ఎక్కారు, ఆ పైన తిట్టే ఓపిక కూడా మిగల్లేదు. ఒకాయన గుమ్మంలో కూలబడి, చెమట తుడుచుకుంటూ, "ఏవమ్మా, ఇక్కడ బడి పెడుతున్నారా?" అని అడిగాడు. కాదు, ఇల్లే అన్నాను. లోపలికి తొంగి చూసి, "ఏదీ?" అన్నాడు.

బల్ల బాగుంది. బాగాలేదని ఎవరూ అనలేరు. ఎక్కడా ఒక్క మేకు లేదు. గదంతా దేవదారు వాసన. ఎక్కడానికి మెట్లు, పట్టుకోవడానికి చేతికర్ర, కింద చిన్న గుడిసె, గుడిసెకి పక్కకి జరిగే తలుపు. తలుపులు చేసే వడ్రంగి కదా, ఆటవస్తువుకి కూడా తలుపు పెట్టకుండా ఉండలేకపోయారు. చిజు ఆ తలుపు తీసి వేసి, తీసి వేసి, చివరికి లోపలే నిద్రపోయింది. నాలుగేళ్ళ పిల్లకి సొంత ఇల్లు దొరికింది. మాకున్నది పోయింది.

ఎందుకంటే అక్కా, మాకున్నది ఆరు చాపలు పరిస్తే నేల నిండిపోయే ఒక గది, ఒక వంటగది. ఆ ఆరు చాపల మీదే పగలు తింటాం, రాత్రికి అరలోంచి పరుపులు దింపుకుని ముగ్గురం పడుకుంటాం. పోయినేడు బావగారు పంపిన చెక్కగుర్రం పగలంతా ఖాళీ స్నానాల తొట్టిలో నిలబడుతుంది, స్నానాల వేళకి వంటగదిలోకి వస్తుంది. అప్పుడు దానికీ బియ్యం డబ్బాకీ మధ్య నేను పక్కకి తిరిగి నడుస్తాను. ఇంకో రెండు నెలలు పోతే పక్కకి తిరిగినా పట్టను.

మార్చిలో పురుడు. నువ్వు వచ్చి నెల రోజులు ఉంటానన్నావు. ఆ మాట పట్టుకునే ధైర్యంగా ఉన్నాను. నీ పరుపు వేయాల్సిన చోట ఇప్పుడు బల్ల ఉంది. దాన్ని కాలనీ పిల్లల బడికి కొన్నాళ్ళు ఇద్దామా? బావగారిని మెల్లగా అడిగి రాయి.

నీ చెల్లెలు,
రిత్సు

క్యోతో
19 అక్టోబరు

రిత్సుకి,

ఆకులు ఎర్రబడ్డాయి. అడిగావు కనుక చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు చెప్పు. ఆరు చాపల గదిలో చోటు లేకపోవడమేమిటి?

నువ్వు పుట్టిందే ఆరు చాపల గదిలో. అందులోనే అమ్మ మగ్గం, నాన్న పెట్టె, మనం నలుగురు పిల్లలం, ఒక కుంటి పిల్లి. వాన రోజుల్లో దాగుడుమూతలు ఆడుకున్నదీ అందులోనే. నువ్వు దాక్కుంటే సాయంత్రం దాకా దొరికేదానివి కాదు. అంత చోటు ఉండేది. ఇప్పుడు ముగ్గురు మనుషులకీ ఒక బల్లకీ లేదట! తోక్యో వెళ్ళాక మీరంతా లావైపోయారా?

మీ బావ లెక్క చూడకుండా చెక్క కొయ్యరు. ఆరు చాపలని నువ్వే రాశావు. ఆయన కాగితం మీద గది గీశారు. మీ ముగ్గురి పరుపులూ గీశారు. నాలుగోది నాకు గీసి, పక్కన "సదాయె" అని పేరు కూడా రాశారు. అప్పుడు మిగిలిన చోట్లో బల్ల గీశారు. అంతా పట్టింది. నా పరుపు పక్కన నడవడానికి దారి కూడా ఉంది.

చోటు లేకపోతే అది నువ్వు పోగేసిన సామాను వల్ల. టీవీ, ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం. ఇంట్లో ప్రతిదీ గుర్రుమంటూ ఉంటే పిల్లకి ఆడుకునే చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ టీవీని ఇవ్వు బడికి. పిల్లలు సంతోషిస్తారు.

మీ బావని అడిగాను. మెల్లగా కాదు, నాకు మెల్లగా అడగడం రాదు. ఆయన రంపం ఆపి, "చిజు పేరు చెక్కిన బల్ల ఊళ్ళో పిల్లలంతా ఎక్కుతారా?" అన్నారు. మళ్ళీ రంపం మొదలైంది. పేరు ఆఖరి మెట్టు కింద చెక్కారట. చూడలేదా? చూసి ఉండవు. వంగాలి కదా.

టర్నిప్ ఊరగాయ పంపుతున్నాను. చిన్న జాడీలోనే పెట్టాను. మీ ఇంట్లో పట్టాలి కదా.

అక్క,
సదాయె

తోక్యో
20 నవంబరు

అక్కకి,

ఊరగాయ జాడీ పట్టింది. అందులో ఉన్నది ఇంకా తొందరగా పట్టింది, ఇప్పుడు ఖాళీ జాడీ మిగిలింది. అది ఎక్కడ పెట్టాలన్నది కొత్త సమస్య.

చిజు పేరు చూశాను. వంగే చూశాను. తర్వాత లేవడానికి మా ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

మా రాత్రి పడక ఎలాగో చెబుతాను, బావగారి బొమ్మ ఎదురుగా పెట్టుకుని చదువు. గోడ వారన నేను. నా పక్కన చిజు. ఆ పక్కన మా ఆయన తల, భుజాలు, నడుము. కాళ్ళు మాత్రం గుడిసెలో. రోజూ పడుకునే ముందు ఆ చిన్న తలుపు జరిపి, కాళ్ళు లోపల పెట్టుకుని, మళ్ళీ తలుపు దగ్గరకి వేసుకుంటారు, చలిగాలి రాకుండా. మొన్న ఉలిక్కిపడి లేవబోయి మోకాళ్ళు పగిలేలా కొట్టుకున్నారు. "మీ అక్క వచ్చేలోపు ఇది వెళ్ళిపోవాలి. లేకపోతే నేను వెళ్ళిపోతాను" అన్నారు. ఎక్కడికి అన్నాను. ఫ్యాక్టరీకే అన్నారు. అక్కడ రాత్రి షిఫ్టులో కాళ్ళు చాపుకోవచ్చట, నిలబడే అయినా సరే.

కింది ఇంటావిడ హిరాబయాషి గారు పైకి వచ్చారు. మర్యాదగల మనిషి, చేతిలో నారింజలు తెచ్చారు.

"ఏవండీ, మీ ఇంట్లో రోజుకి ఎంతమంది పడిపోతుంటారు?"

"పడిపోవడం కాదండీ, పిల్ల జారుతోంది."

"జారినవాళ్ళు చివర్లో పడతారు కదండీ. నా నెత్తి మీద."

బాల్కనీలో పెడదామంటే కాలనీ సంఘం ఒప్పుకోదు. మంటలు లేస్తే పక్కింటివాళ్ళు అటునుంచే దాటాలి. "నాలుగో అంతస్తు బాల్కనీలో జారుడుబల్లా?" అని సంఘం కార్యదర్శి నన్ను ఎగాదిగా చూశాడు. "పిల్ల మీద ఏమైనా కోపమా మీకు?"

అలాగని బల్ల పనికిరాదని అనను. వాన రోజుల్లో మేజోళ్ళన్నీ దాని చేతికర్ర మీదే ఆరుతున్నాయి. మెట్ల మీద ముల్లంగులు ఎండబెట్టాను. అంత చక్కగా గాలి తగిలే మెట్లు తోక్యోలో ఇంకెక్కడా లేవు. మడిచి గోడకి చేర్చేటట్టు ఏమైనా చేయగలరేమో బావగారిని అడుగు. లేదా తిరిగి పంపమంటే పంపిస్తాను. ఏదో ఒకటి మార్చి లోపల తేలాలి.

నీ చెల్లెలు (పక్కకి తిరిగినా పట్టని),
రిత్సు

క్యోతో
3 డిసెంబరు

రిత్సుకి,

నీ ఉత్తరం గట్టిగా చదివాను. అదే నేను చేసిన తప్పు. మీ బావ వింటున్నారు.

"ముల్లంగులా?" అన్నారు.

"ముల్లంగులే."

"ఏ మెట్టు మీద?"

"అన్నిటి మీదా."

ఆయన లేచి పనిపాకలోకి వెళ్ళిపోయారు. అన్నానికి పిలిస్తే రాలేదు. ఆ మెట్లని ఆయన వేలితో తడిమి తడిమి నునుపు చేశారు, పిల్ల పాదానికి ముల్లు గుచ్చుకోకూడదని. ముల్లంగికి గుచ్చుకోకుండా ఉన్నందుకు సంతోషం.

మడిచే బల్లట! అది మంచమా, గొడుగా? ఆడుకునే వస్తువు మడుచుకుంటే పిల్ల వేళ్ళు ఏమవుతాయి? ఆలోచించే రాశావా?

ఆలోచించేవాళ్ళు ఇక్కడొకరు ఉన్నారు. మూడు రోజులుగా పెట్టె చేస్తున్నారు. పరుపుల అర ఏ ఇంట్లోనైనా ఒక చాప పొడవే ఉంటుంది. దాని కింది భాగంలో సరిగ్గా పట్టే పెట్టె. చక్రాలు పెట్టారు, లాగితే వస్తుంది, తోస్తే పోతుంది. గుర్రం తల ఊడదీసి అందులో పడుకోబెట్టొచ్చు. బల్ల మెట్లు విప్పి అందులో పెట్టొచ్చు, మిగిలిన పలక గోడకి నిలబడుతుంది. ఏడాది చివరికి నీకు చేరుతుంది. ఇక చోటు లేదన్న మాట నీ నోట వినకూడదు.

ఇంకో సంగతి. "మీ అక్క వచ్చేలోపు ఇది వెళ్ళిపోవాలి" అని మీ ఆయన అన్నాడని రాశావు. రెండుసార్లు చదివాను. ఆ వాక్యంలో వెళ్ళాల్సింది ఏది, రాకూడనిది ఎవరు అన్నది కాస్త జారుతోంది. నేను ఆ బల్లకన్నా వెడల్పయిన మనిషిని. ముందు దానికి చోటు చూపించు. నా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

సదాయె

తోక్యో
9 జనవరి 1968

అక్కకీ బావగారికీ కొత్త సంవత్సర శుభాకాంక్షలు.

బియ్యప్పిండి ముద్దలు తిన్నాం, గుడికి వెళ్ళాం, చిజు పెదనాన్నకి మొక్కింది. దేవుడికి మొక్కవే అంటే, "దేవుడు బల్ల చేశాడా?" అంది.

పెట్టె సరిగ్గా ఏడాది చివరి రోజుల్లో వచ్చింది. అందరూ ఇళ్ళు దులిపి సామాను తగ్గించుకునే రోజుల్లో. మెట్ల మీద ఎదురైనవాళ్ళంతా మా ఇంటికి ఇంకా ఏదో ఎక్కుతోందని ఆగి చూశారు. పాత మనుషులే మోసుకొచ్చారు. "బడికి బల్లలా ఈసారి?" అన్నాడు అదే ఆయన.

అక్కా, పెట్టె అరలోకి పోలేదు.

పొడవు నాలుగు వేళ్ళ వెడల్పంత ఎక్కువ. మా ఆయన భుజం పెట్టి తోశారు. వెల్లకిలా పడుకుని కాళ్ళతో తన్నారు. అర తలుపు గాడిలోంచి ఊడి టీవీ మీద పడింది. టీవీకి ఏం కాలేదు, నువ్వు బాధపడతావని చెబుతున్నాను. ఇప్పుడు మాకు జారుడుబల్లా ఉంది, దాన్ని దాచే పెట్టే ఉంది, రెండిట్నీ దాచడానికి ఇల్లు లేదు. చిజు పెట్టెలో కూర్చుని బస్సు అంటోంది. నేను వంటగదికి వెళ్ళాలంటే బస్సు కదిలే దాకా ఆగాలి.

బావగారి చేతిపని గురించి నేనేమీ అనను. కానీ మనిషికి వయసు మీద పడ్డాక కొలతలు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలేమో. నువ్వయినా చెప్పు.

నువ్వు బల్లకన్నా వెడల్పని నాకు తెలియదా? అందుకేగా నా భయమంతా! బల్ల సంగతి తేలకుండా నిన్ను ఏ మూల పడుకోబెట్టను?

రిత్సు

క్యోతో
17 జనవరి

రిత్సుకి,

ఈసారి మనసులోనే చదువుకున్నాను. అయినా ఆయన నా మొహం చూసి, "పట్టిందా?" అన్నారు. పట్టలేదన్నాను. "ఎంత?" నాలుగు వేళ్ళన్నాను. వయసు సంగతి చెప్పలేదు. ఆయన తన చెయ్యి చాపి నాలుగు వేళ్ళూ చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

మీ తోక్యో వైపు తూర్పువాళ్ళ చాప మన క్యోతో చాపకన్నా పొట్టిదని ఆయనకి తెలియదనుకున్నావా? ఇరవయ్యేళ్ళ వయసులో తోక్యోలో పనిచేసిన మనిషి. మీ బల్లనీ, పెట్టెనీ ఆ పొట్టి చాప లెక్కకే కోశారు. కోసేటప్పుడు నవ్వుకున్నారు కూడా, "తూర్పువాళ్ళు నిద్రలో మోకాళ్ళు ముడుచుకుంటారు కాబోలు" అని. ఆ లెక్క తప్పదు. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేసినవి, ఒక్కటీ బిగుసుకోలేదు. మీ ఇంట్లో ఒక్కచోటే పెట్టె పట్టలేదంటే తప్పు పెట్టెదా?

పెట్టె పట్టదు. బల్ల పట్టదు. గుర్రం పట్టదు. నాలుగు నెలలుగా ఇదే పాట. పాట ఎవరి గురించో ఇప్పుడు తెలిసింది. "అందుకేగా నా భయమంతా" అని నువ్వే రాశావు. సూటిగా రాసి ఉంటే మీ బావకి ఇంత చెక్క ఖర్చయ్యేది కాదు.

భయపడకు. మార్చిలో నేను రావడం లేదు.

సదాయె

తోక్యో
28 జనవరి

అక్కకి,

నేను పరాచికానికి రాసిన మాటని నువ్వు చట్టం చేశావు. సరే.

రమ్మని రాయను. రానన్నవాళ్ళని బతిమాలే అలవాటు మన ఇంట్లో ఎవరికీ లేదు, నీ దగ్గరే నేర్చుకున్నాను. చాప సంగతి మాత్రం తేల్చుకోవాలి. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి ఇనుప టేపు తెచ్చి, మా గదిలో చాప కొలిచారు. పొడవు నూట డెబ్భై సెంటీమీటర్లు. ఆరింటిలో ఏది కొలిచినా అంతే. ఈ అంకె బావగారికి చూపించు. ఎవరికి లెక్క రాదో ఆయనే చెబుతారు.

కాళ్ళు వాచాయి. డాక్టరు పడుకునే ఉండమన్నాడు. మార్చి మొదట్లోనే ఆసుపత్రిలో చేరాలట. అక్కడ పిల్లల్ని ఉండనివ్వరు. మా ఆయనకి ఆ నెలంతా రాత్రి షిఫ్టు, సెలవు దొరకదు. హిరాబయాషి గారు, "పిల్లని నా దగ్గర వదలండి. చప్పుడు నెత్తి మీద కాకుండా పక్కనుంటే నాకూ నయమే" అన్నారు. చిజు ఆవిడని చూస్తే గుడిసెలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. చూద్దాం.

రిత్సు

క్యోతో
6 ఫిబ్రవరి

రిత్సుకి,

సెంటీమీటర్లట! ఎవరి భాష అది? మీ బావ వెదురు కొలబద్ద మీద అలాంటి గీతలు లేవు. ప్రభుత్వం పాత కొలతలు మానెయ్యమందట, మీ బావ చెవిన అది ఇంకా పడలేదు. వీధి చివర బడిపంతులు చేత మన కొలతలోకి మార్పించాను. ఆయన మార్చి, మళ్ళీ మార్చి, "అమ్మా, ఇది పిల్లల చాపా?" అని అడిగాడు.

మీ బావకి చెప్పాను. చాలా రోజుల తర్వాత నవ్వారు. "తూర్పు చాపకన్నా పొట్టిది లోకంలో లేదు. వాళ్ళు కొలిచింది చాప కాదు, తువ్వాలు" అన్నారు. మీ ఆయనకి టేపు చదవడం రాదు. ఫ్యాక్టరీలో ఏం తయారు చేస్తారోగానీ, కొనేవాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది.

శనివారం ఆయన తన కొలబద్ద పట్టుకుని వస్తున్నారు. తానే కొలుస్తారట. కొలిచి, బల్లనీ పెట్టెనీ గుర్రాన్నీ తిరిగి పంపించేస్తారు. చోటు లేదన్న ఇంట్లో ఆయన చేసిన వస్తువులు ఉండక్కర్లేదు. ఆయన వస్తున్నారంటే నేనూ వస్తున్నానని కాదు. రెండూ ఒకటి కాదు.

చాప గురించి అంత పొడుగ్గా రాశావు. కాళ్ళ వాపు గురించి ఒక్క ముక్క. ఏ డాక్టరు? మొహం కూడా వాచిందా? ఉప్పు తగ్గించు. ఆ ముల్లంగులు ముట్టుకోకు.

సదాయె

తోక్యో
12 ఫిబ్రవరి

అక్కకి,

ఈ ఉత్తరం బావగారి జేబులో వస్తోంది. ఆయన దీన్ని నీకు ఇచ్చేటప్పటికి చిజు నీ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ముందు పిల్లకి ఏమైనా పెట్టు, తర్వాత చదువు.

బావగారు వచ్చీ రాగానే కోటు విప్పలేదు, టీ తాగలేదు. నేరుగా గది మధ్యకి వెళ్ళి కొలబద్ద దింపారు. ఒకసారి కొలిచారు. రెండోసారి అటునుంచి కొలిచారు. తర్వాత కొలబద్ద పక్కన పెట్టి, ఆ చాప మీదే తిన్నగా పడుకున్నారు. ఆయన పొట్టి మనిషి కదా. అయినా తల ఒక అంచుకీ మడమలు ఇంకో అంచుకీ దాదాపు ఆనాయి. అలాగే పైకి చూస్తూ ఉండిపోయారు. చిజు పక్కన కూర్చుని, "పెదనాన్నా, చచ్చిపోయావా?" అని అడిగింది.

"ఇది ఎవరు నేశారు?" అన్నారు.

"కాలనీ కట్టినప్పుడే వేశారండీ. అన్ని ఇళ్ళలో ఇవే" అన్నారు మా ఆయన.

"అన్ని ఇళ్ళలోనా?"

హిరాబయాషి గారింటికి వెళ్ళి కొలిచారు. ఎదుటి భవనంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో కొలిచారు. వాళ్ళు చాపలు అమ్మేవాడనుకున్నారట. తర్వాత కాలనీ ఆఫీసుకి వెళ్ళారు. మా ఆయన వెనకే పరుగెత్తారు. అక్కడ గుమాస్తా బల్ల మీద కొలబద్ద పెట్టి, "దీన్ని చాప అని పిలవమని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగారట. గుమాస్తా, "ఆరు చాపల గదండీ. అనుమానముంటే లెక్కపెట్టుకోండి, ఆరే ఉంటాయి" అన్నాడట. బావగారు కొలబద్ద తీసి చంకలో పెట్టుకున్నారట. ఆరే ఉన్నాయి మరి. కాంక్రీటు గోడలు కట్టేశాక మధ్యలో మిగిలిన చోటుని ఆరు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి చాప అని పేరు పెట్టారు. మేమంతా ఆ మాట నమ్మి సంతకాలు చేశాం. నీకు ఆరు చాపలని రాసేటప్పుడు నేనూ నిజమే రాశాననుకున్నాను.

వెనక్కి వచ్చి ఆయన చేసిన మొదటి పని, మా ఆయనకి తల వంచి నమస్కారం పెట్టడం. మా ఆయనకి ఏం చేయాలో తెలియక ఇంకా కిందికి వంగారు. వంగినప్పుడు నెత్తి బల్లకి తగిలింది.

బల్ల విప్పుతుంటే చిజు గుడిసెలో దూరి బయటికి రానంది. బల్ల ఎక్కడికి వెళ్తే తనూ అక్కడికే అంది. "సరే, నువ్వూ పార్సిలే" అన్నారు బావగారు. నన్ను చూశారు. నేను తలూపాను. నా ఆసుపత్రి రోజుల్లో పిల్ల ఎక్కడ ఉంటుందన్న దిగులు అలా ఒక్క మాటతో తీరింది. గుర్రం, బల్ల, పెట్టె స్టేషనుకి వెళ్ళాయి. మోయడానికి పాత మనుషులే వచ్చారు. "బడి మూసేశారా అమ్మా?" అన్నాడు ఆయన, నిజంగానే బాధగా.

ఇప్పుడు గది ఖాళీగా ఉంది. మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే పడుకుని ఉన్నాను, పైకప్పు చూస్తూ.

అక్కా, వెటకారం లేకుండా ఒక్కసారి రాస్తాను. నాకు అలవాటు లేదు కనుక సరిగ్గా రాదేమో. చోటు లేదు, చోటు లేదు అని అక్టోబరు నుంచి నేను వెతికిన చోటు నీదే. చిజు పుట్టినప్పుడు అమ్మ ఉంది. ఇప్పుడు లేదు. నాకు భయంగా ఉంది.

రిత్సు

క్యోతో
16 ఫిబ్రవరి

రిత్సుకి,

నీ కూతురు నిన్న నన్ను అబద్ధాలకోరు అంది.

బల్ల మా వెనక గదిలో నిలబెట్టాం. నిలబెట్టాక ఇంకా చుట్టూ పరుగెత్తేటంత చోటు మిగిలింది. చిజు అలా పరుగెత్తి పరుగెత్తి ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇది ఎన్ని చాపలు?"

"ఆరు."

"కాదు. మాది ఆరు."

"మీదీ ఆరే, మాదీ ఆరే. లెక్కపెట్టుకో."

వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు నడుము మీద చేతులు పెట్టుకుని, "అయితే మీ చాపలు తప్పు" అంది. అచ్చం నీలాగే మూతి ముడుచుకుంది. చెంప మీద ఒక్కటి ఇద్దామనుకున్నాను. మీ బావ పక్కనుంచి, "దానికి తెలిసినంత మనకి తెలియదులే" అన్నారు.

నేను క్షమించమని అడగను. వాడికెవడికో గోడలు కట్టడం రాక చాపలు కుదిస్తే, దానికి నేనెందుకు అడగాలి? కానీ నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎక్కడెక్కడ "చోటు లేదు" అని ఉందో అక్కడల్లా "రా" అని పెట్టుకుని చదివితే సరిగ్గా అర్థమైంది. నువ్వు మొదటే అలా రాసి ఉంటే తపాలా ఖర్చు తగ్గేది. నేను అలా చదివి ఉన్నా తగ్గేది. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే కదా, తిన్నగా అడిగితే ఏదో ఊడిపోతుందని భయం.

ఇక్కడి సంగతులు చెబుతాను. చిజుకి దిగులు లేదు. మీ బావ పనిపాకలో చెక్కపొట్టు మీద పొర్లుతోంది. ఇద్దరూ రోజూ బొగ్గు మీద కాల్చిన పిండిముద్దలే తింటున్నారు, నేను వండింది ముట్టడం లేదు. నేను లేని నెలలో వాళ్ళిద్దరూ అడవి మనుషులైపోతారు. పోనీ.

పంతులు ఇంటావిడకి మనవలు చాలామంది. ఆవిడ వచ్చి చూసుకుంటానంది. చిజుకి ఆవిడంటే భయం లేదు, ఆవిడకే చిజు అంటే కాస్త భయం.

బుధవారం పొద్దున బండికి వస్తున్నాను. మీ ఆయనని స్టేషనుకి రావద్దను, నిద్రపోనీ. చిరునామా చేత్తో పట్టుకుని వస్తాను. సామానేమీ తేవడం లేదు. బహుమతి లేదు, జాడీ లేదు, రెండు జతల బట్టలు ఉన్నాయి, అవీ మడతపెట్టి తలకింద పెట్టుకుంటాను. ఉప్పు మానేశావా? కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకో.

కవరులో ఒక నూలుతాడు ఉంది, చూసుకో. రాత్రి భోజనాలయ్యాక మీ బావ నన్ను నేల మీద పడుకోమన్నారు. ఈ వయసులో ఇదేం వేషమండీ అన్నాను. వినలేదు. నడినెత్తి దగ్గర ఒక కొస చిజు పట్టుకుంది, ఆయన ఇంకో కొస మడమ దాకా లాగి కత్తిరించారు. సెంటీమీటర్లు కాదు, క్యోతో చాప కాదు, తూర్పు చాప కాదు. నేనెంత ఉన్నానో అంతే.

దాన్ని నీ గదిలో నేల మీద పరిచి చూడు. ఎక్కడ తిన్నగా పడితే అక్కడే ఉండనీ. దాని మీద ఏ సామానూ పెట్టకు.

అక్క,
సదాయె